సందేహానికీ ఓ అక్షరం ఇచ్చిన డేహాఫ్

మీరు జీనోమ్ బ్రౌజర్ తెరిచి బీఆర్‌సీఏ1 అని కొట్టారనుకోండి. రొమ్ము క్యాన్సర్ ముప్పుతో ముడిపడిన జీన్ ఇది. ఒక పాత ల్యాబ్ రిపోర్టు మార్పు 11వ ఎక్సాన్‌లో ఉందంటోంది. స్క్రీన్ మీద వరసగా లెక్కపెడితే అదే ముక్క 10వదిగా కనిపిస్తోంది. రెండూ ఒకటేనా, వేర్వేరా? ఆ రిపోర్టు వెనక ఒక పేషెంట్ ఉంటారు కాబట్టి ఏదో ఒకటిలే అనుకోవడానికి వీల్లేదు.

అసలు సంగతేంటంటే, 1994లో ఈ జీన్‌ను గుర్తించినప్పుడు 4వ నంబరు ఇచ్చిన ముక్క నిజమైన ఎక్సాన్ కాదని తర్వాత తేలింది. దాన్ని తీసేశారు కానీ మిగతా నంబర్లను అలాగే ఉంచేశారు. అందుకే పాత లెక్కలో 3 తర్వాత నేరుగా 5 వస్తుంది. బ్రౌజర్‌కి ఈ చరిత్ర అక్కర్లేదు, వరసగా లెక్కపెడుతుంది. చరిత్ర మీకు తెలిసి ఉండాలి.

బయోఇన్ఫర్మేటిక్స్ వైపు వెళ్లాలనుకునే మీకు ఇలాంటివి రోజూ ఎదురవుతాయి. వీటితో మొదట్లోనే కుస్తీ పట్టిన వాళ్లలో మార్గరెట్ డేహాఫ్ ఒకరు. 1925లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టారు. చదివింది గణితం. 1948లో కొలంబియా యూనివర్సిటీ నుంచి క్వాంటమ్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ తీసుకున్నారు. అణువుల శక్తిని లెక్కగట్టడానికి ఆఫీసుల్లో పద్దులు చూసే పంచ్‌కార్డు యంత్రాలను వాడుకున్నారు. తర్వాత ఇద్దరు ఆడపిల్లల పెంపకం కోసం కొన్నేళ్లు పరిశోధనకు దూరమయ్యారు. కెరీర్‌లో గ్యాప్ వచ్చిందని దిగులు పడేవాళ్లు ఒక్క విషయం గమనించండి. ఆమెకు పేరు తెచ్చిన పనంతా ఆ గ్యాప్ తర్వాతే జరిగింది.

1960లో నేషనల్ బయోమెడికల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో చేరారు. అప్పట్లో ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లాల వరస తెలుసుకోవాలంటే దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కా చదివి, చివర్లు ఎక్కడ కలుస్తున్నాయో చూసి అతికించాలి. రాబర్ట్ లెడ్లీతో కలిసి డేహాఫ్ ఆ అతికింపు పనిని 1962 నాటికి ఐబీఎం 7090 కంప్యూటర్‌కి అప్పగించారు. ప్రోగ్రామ్ పేరు కాంప్రొటీన్. ఈరోజు జీనోమ్ అసెంబ్లీ అంటున్నదానికి అది ముత్తవ్వ లాంటిది.

1965లో తెలిసిన వరసలన్నీ కూడగట్టి ‘అట్లాస్ ఆఫ్ ప్రొటీన్ సీక్వెన్స్ అండ్ స్ట్రక్చర్’ అనే పుస్తకం తెచ్చారు. అందులో ఉన్నవి 65 ప్రొటీన్లు. సన్నటి పుస్తకమే, కానీ పని మాత్రం మామూలుది కాదు. ఒకే ప్రొటీన్‌కి రెండు ల్యాబులు రెండు రకాల వరసలు చెప్పేవి. ఒక్కోసారి తేడా ప్రయోగంలో, ఒక్కోసారి అచ్చుతప్పులో. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో కూర్చుని తేల్చుకోవాలి.

కార్డుల మీద చోటు కలిసిరావాలని మూడక్షరాల పేర్ల బదులు ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో అక్షరం వాడారు. మీరిప్పుడు చూసే ప్రొటీన్ వరసల ఫైళ్లు చాలావరకు ఆ అక్షరాల్లోనే ఉంటాయి. వాటిలో నాకు బాగా నచ్చేవి బి, జడ్. ప్రొటీన్‌ను ఆమ్లంతో విడగొడితే ఆస్పరాజిన్ కాస్తా ఆస్పార్టిక్ ఆమ్లంగా మారిపోతుంది. అసలు ఉన్నది ఏదో చెప్పలేం. అలాంటి చోట ఊహించి ఏదో ఒకటి రాయకుండా బి అని రాస్తారు. గ్లుటమిన్, గ్లుటమిక్ ఆమ్లం దగ్గర అదే ఇబ్బందికి జడ్. ముక్కల వరస ఖాయంగా తెలియని చోట బ్రాకెట్లు, కామాలతో గుర్తుపెట్టేవారు. డేటా ఎంత గట్టిదో కూడా డేటాతోపాటే నడిచేదన్నమాట.

1978లో ఆమె బృందం 71 ప్రొటీన్ గుంపుల్లోని 1,572 మార్పులను లెక్కగట్టి పామ్ మ్యాట్రిక్స్‌లు ఇచ్చింది. రెండు వరసల మధ్య పోలిక నిజమైన చుట్టరికమా, కాకతాళీయమా అని స్కోరు వేసే పద్ధతి ఇది. కొత్త జీన్‌కి ఫలానా పని చేస్తుందని పేరు తగిలించేది ఎక్కువగా ఇలాంటి పోలికల ఆధారంతోనే. మొదటి పేరు తప్పైతే ఆ తప్పు చుట్టాలందరికీ అంటుకుంటుంది. అందుకే బ్రౌజర్‌లో నాలుగు ట్రాకులు ఒకే మాట చెబుతున్నా నాలుగు సాక్ష్యాలని మురిసిపోకండి. నాలుగూ ఒకే చోట కాపీ కొట్టి ఉండొచ్చు.

ఇంత చేసినా వరసలు పోగేయడం పరిశోధనేనా అని తోటివాళ్లలో కొందరు పెదవి విరిచారు. అచ్చుకాని డేటా ఆమె చేతికివ్వడానికి ల్యాబులు వెనకాడాయి. నిధులు చాలక అట్లాస్‌ను అమ్మి, ఆ డేటాను ఇతరులు పంచిపెట్టకుండా కట్టడి చేశారు. అక్కడ ఆమె లెక్క తప్పిందని నా అభిప్రాయం. 1982లో డీఎన్‌ఏ వరసల ప్రభుత్వ బ్యాంకు, జెన్‌బ్యాంక్ కాంట్రాక్టు, అందరికీ తెరిచిపెడతామన్న లాస్ అలమోస్ బృందం వైపు వెళ్లింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో డేహాఫ్ గుండెపోటుతో చనిపోయారు. అప్పటికి 57 ఏళ్లు.

ఆమె అట్లాస్‌లోంచి 1984లో పీఐఆర్ డేటాబేస్ వచ్చింది. 2002లో అది యూనిప్రాట్‌లో భాగమైంది. మీరు ఇప్పుడే బీఆర్‌సీఏ1 ట్రాకుల దగ్గరికి వెళ్లి చూడండి. అసెంబ్లీ 37వదా, 38వదా? రెఫ్‌సెక్ ఐడీ ఎన్‌ఎమ్‌తో మొదలైందా, లేక కంప్యూటర్ అంచనా అని చెప్పే ఎక్స్‌ఎమ్‌తోనా? రెఫ్‌సెక్, ఎన్‌సెంబుల్ రెండూ ఒప్పుకున్న మేన్ సెలెక్ట్ ట్రాన్‌స్క్రిప్ట్ ఏది? ఇవి చూశాక యూనిప్రాట్‌లో ఏదైనా బాగా పరిశీలించిన పాత ప్రొటీన్ పేజీ తెరిచి కిందికి వెళ్లండి. చాలావాటిలో సీక్వెన్స్ కాన్‌ఫ్లిక్ట్ అనే వరస కనిపిస్తుంది. ఏ స్థానంలో తేడా ఉందో, ఏ పేపర్ ఏం చెప్పిందో అక్కడే రాసి ఉంటుంది.