షోలవరం రన్‌వే మీద మన కోయంబత్తూరు కరివర్ధన్

ఇక్కడ మేము ఎక్కువగా కవుల గురించీ, సత్రాలు కట్టించిన వారి గురించీ, బడులు పెట్టించిన పెద్దల గురించీ రాస్తూ వచ్చాం. ఈసారి కారు రేసుల మనిషి గురించి రాస్తున్నాం. సంఘం హాలులో పెద్దల ఫోటోల వరుసలో సుందరం కరివర్ధన్ గారి ఫోటో కూడా పెట్టాలని మేము ప్రతిపాదిస్తే కార్యవర్గంలో అందరూ ఒప్పుకోలేదు. ఆయన తెలుగుకు చేసిన సేవ ఏమిటని కోశాధికారి గారు అడిగారు. ప్రాణం మీదికి తెచ్చుకునే ఆటలు ఆడినవారి ఫోటో పెట్టి పిల్లలకు ఏం చెబుతామని ఇంకో పెద్దాయన అడిగారు. రెండూ కొట్టిపారేసే ప్రశ్నలు కావు. ఆ రోజు మేము సరిగా జవాబు చెప్పలేకపోయాం. అందుకే ఆయన కథ మొదటి నుంచీ రాసి అందరి ముందూ పెడుతున్నాం.

కోయంబత్తూరు వారికి ఈ కుటుంబం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. బళ్ళారి, బరంపురం, యానాం పాఠకుల కోసం రెండు మాటలు. కొంగునాడుకు తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు మొదట నల్లరేగడిలో పత్తి పండించాయి. తర్వాత గింజ తీసే జిన్నింగు పనిలోకి, ఆ తర్వాత నూలు మిల్లుల్లోకి దిగాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, లెక్కల పుస్తకంలో ఇంగ్లీషు. జి. కుప్పుస్వామి నాయుడు గారు 1910లో పెట్టిన లక్ష్మీ మిల్స్ అలా వచ్చినదే. అవినాశి రోడ్డు మీద బస్సులో వెళ్తూ లక్ష్మీ మిల్స్ స్టాపులో దిగనివారు ఊళ్ళో ఉండరు. మిల్లు ఉంటే యంత్రాలు కావాలి, యంత్రం పాడైతే బాగుచేసేవాడు కావాలి. ఆ అవసరంలోంచే ఊరంతా లేతులు, ఫౌండ్రీలు, పంపుసెట్టు వర్క్‌షాపులు పుట్టాయి. 1962లో అదే కుటుంబం నూలు వడికే యంత్రాలనే ఇక్కడ తయారుచేయడానికి లక్ష్మీ మెషిన్ వర్క్స్ పెట్టింది. అంతకు చాలా ముందే, 1920లో, జి.డి. నాయుడు గారు ఒకే ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టారు. ఇనుమును చూసి భయపడని ఊరు మాది.

ఆ ఊళ్ళో, ఆ మిల్లు ఇంట్లో, 1954లో కరివర్ధన్ గారు పుట్టారు. రేసు మైదానంలో ఆయన్ని అందరూ కరి అనే పిలిచేవారు. తమిళంలో కరి అంటే బొగ్గు అనీ ఏనుగు అనీ రెండర్థాలు ఉన్నాయి. మాకు మాత్రం ఆ పేరు వినగానే పోతన గజేంద్రుడే గుర్తొచ్చేవాడు.

డబ్బున్న ఇంటి కుర్రాడికి కార్ల మోజు ఉండటం వింత కాదు. ఆ రోజుల్లో ఆ మోజు తీర్చుకునే దారే లేదు. మన దేశంలో అమ్మేవి మూడే మూడు కార్లు. ఉత్తరపారా అంబాసిడర్, బొంబాయి ఫియట్ (తర్వాత పద్మిని అన్నారు), మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్. ఏది కావాలన్నా పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుకోవాలి. బయటి దేశం నుంచి తెప్పిస్తే కారు ధరను మించిన సుంకం. రేసుకు వెళ్ళాలనుకున్నవాళ్ళు ఈ మూడింట్లో ఒకదాన్ని విప్పి, బరువు తీసేసి, ఇంజినుకు నోరు పెద్దదిచేసి తయారయ్యేవారు. హెరాల్డ్ అంటే వాళ్ళకు మరీ ఇష్టం. దానికి కింద ఛాసిస్ విడిగా ఉండేది. పైన తొడుగు ఊడదీసి తమకు తోచిన తొడుగు వేసుకోవచ్చు.

పరుగు పెట్టించడానికి సరైన చోటు కూడా లేదు. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953లో మొదలైంది. వాళ్ళ పోటీలు చాలా ఏళ్ళు షోలవరంలో జరిగాయి. షోలవరం అంటే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేసి వదిలేసిన విమానాల రన్‌వే. మద్రాసు నుంచి ఎర్రకొండలు (అదే రెడ్‌హిల్స్) దాటి నెల్లూరు వెళ్ళే దారిలో ఉంది. కాంక్రీటు పలకల మధ్య గడ్డి, మలుపుల దగ్గర గడ్డిమోపులు, నీడ అంటూ ఎక్కడా లేదు.

మేము మొదటిసారి అక్కడికి వెళ్ళింది ఎనభైల మొదట్లో, గుమాస్తా ఉద్యోగంలో చేరిన కొత్తలో. రాత్రి చేరన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారి సెంట్రల్‌లో దిగి, నెల్లూరు వైపు వెళ్ళే బస్సు పట్టుకున్నాం. బస్సులో సగం మంది తెలుగే మాట్లాడుతున్నారు. కోయంబత్తూరు తెలుగుకూ నెల్లూరు తెలుగుకూ ఎంత తేడానో మాకు ఆ బస్సులోనే తెలిసింది. రన్‌వే దగ్గర జనం వేలల్లో ఉన్నారు. ఎండకు తువ్వాళ్ళు తలకు చుట్టుకుని వేరుసెనక్కాయలు నములుతూ నిలబడ్డాం. కార్లు మా ముందు నుంచి పోయినప్పుడు చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. చెవుల్లో హోరు మర్నాడు కోయంబత్తూరు చేరేదాకా పోలేదు.

ఆ ఏళ్ళలో షోలవరంలో పెద్ద పేర్లలో కరివర్ధన్ గారిది ఒకటి. విదేశాల నుంచి వచ్చిన సింగిల్ సీటర్ కార్లు కూడా ఆయన నడిపారు. విజయ్ మాల్యా ఎన్‌సైన్ అనే పాత ఫార్ములా వన్ కారు తెచ్చి అక్కడ పరిగెత్తించిన రోజులవి. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఒకరి చేతిలో ఫార్ములా వన్ ఇంజిను, పక్కవాడి చేతిలో కోరుకుని కోరుకుని చేసుకున్న హెరాల్డ్. గెలుపు ఎవరిదో జెండా ఊపకముందే తెలిసిపోతుంది. చూసేవాడికి కాసేపు సరదా. నడిపే కుర్రాడికి మాత్రం డబ్బు లేకపోతే ఇందులోకి రావద్దని చెప్పినట్టే.

ర్యాలీల సంగతి కొంచెం వేరు. మన ఊరి మధ్యతరగతి వాళ్ళు ఎక్కువగా దిగింది వాటిలోనే కాబట్టి అదీ చెప్పాలి. రేసులో అందరూ ఒకేసారి ఒకే ట్రాకు చుట్టూ తిరుగుతారు. ఆనాటి రోడ్డు ర్యాలీలో కార్లను ఒక్కొక్కటిగా వదిలేవారు. నడిపేవాడి పక్కన దారి చెప్పేవాడు. వాడి ఒళ్ళో చిన్న చిన్న బొమ్మలతో దారి గీసిన పుస్తకం, పక్కన దూరాల లెక్క. ఫలానా చోటికి ఫలానా నిమిషానికి చేరాలి. ఆలస్యమైతే మార్కులు పోతాయి, ముందే వచ్చినా పోతాయి. ఒకసారి ఆళియార్ నుంచి వాల్పారైకి ఎక్కే 40 హెయిర్‌పిన్ మలుపుల దారిలో, సమయం రాసుకునే పని మాకు అప్పగించారు. రిజిస్టరు, కార్బన్ కాగితం, రెండు గడియారాలు, పెట్రోమాక్స్ దీపం. గుమాస్తాగిరి అక్కడ బాగానే పనికొచ్చింది. అర్ధరాత్రి చలిలో ఒక ఫియట్ మా బల్ల ముందు ఆగింది. లోపల బావా బావమరుదులు. దారి తప్పినందుకు ఒకరినొకరు అచ్చ తెలుగులో తిట్టుకుంటున్నారు. మేము తెలుగువాళ్ళమని తెలిసేసరికి సిగ్గుపడి నవ్వేశారు. ఆదివారం ర్యాలీ ముగించి సోమవారం అదే కారులో ఆఫీసుకు వెళ్ళే మనుషులు వాళ్ళు. మన ఊరి జి.ఆర్. కార్తికేయన్ గారు ఆ ర్యాలీలలో పేరుమోసిన డ్రైవరు. దక్షిణ భారత ర్యాలీ పలుమార్లు గెలిచారు. వారి కుటుంబానికీ కరివర్ధన్ గారికీ బంధుత్వం. ఆ పేరు మళ్ళీ వస్తుంది.

ఇంటి కారుతో ర్యాలీకి వెళ్ళొచ్చు. ఇంటి కారుతో రేసు మాత్రం కుదరదు. కరివర్ధన్ గారు పట్టుకున్నది ఆ ముడినే.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. అందరూ దాన్ని పెళ్ళాం పిల్లలతో గుడికి వెళ్ళే కారుగా చూశారు. ఆయన దాని ఇంజినును చూశారు. మూడు సిలిండర్లు, 796 సీసీ, చేతులతో ఎత్తేంత తేలిక, దేశంలో ఏ ఊళ్ళోనైనా విడిభాగాలు దొరికేది. మారుతిలో ఇంజినూ గేరుబాక్సూ ఒకదానికొకటి అతుక్కుని ముందు బానెట్టు కింద ఉంటాయి. ఆ జంటను తీసి డ్రైవరు వీపు వెనక పెడితే, ముందు చక్రాలను తిప్పేది వెనక చక్రాలను తిప్పుతుంది. చుట్టూ ఇనుప గొట్టాలు అతికిన చట్రం, పైన ఫైబర్ తొడుగు. ఒక్కరు కూర్చునే రేసు కారు తయారు. దీని కోసం ఇటలీ వెళ్ళనక్కర్లేదు, కోయంబత్తూరు వెల్డరు చాలు. ఎనభైల చివర్లో పట్టాల మీదికొచ్చిన ఈ కారునే ఫార్ములా మారుతి అన్నారు.

అందులో మాకు నచ్చింది దాని వేగం కాదు. దానికన్నా వేగమైనవి ఆయన దగ్గర ఉండేవి. నచ్చింది ఏమిటంటే, అందరి కార్లూ ఒకటే. అదే ఇంజిను, అదే చట్రం. ఇక తేడా నడిపేవాడి చేతిలోనే. ఊళ్ళో తనకున్న పెద్ద సౌకర్యం డబ్బు. ఆ సౌకర్యం పనిచేయని పోటీని తానే కూర్చుని తయారుచేశారాయన. తనను ఓడించగల కుర్రాళ్ళకు తానే కారు కట్టించి ఇచ్చారన్నమాట. మిల్లు యజమానుల కుటుంబాల మీద మాకు వేరే అభిప్రాయాలు కొన్ని ఉన్నాయి, గుమాస్తాలకు ఉంటాయి కూడా. ఈ ఒక్క విషయంలో మాత్రం చేయెత్తి నమస్కరిస్తాం.

ఆ కార్లు వచ్చిన సమయానికే, 1990లో, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్బు వారి సొంత ట్రాకు తయారైంది. షోలవరం రన్‌వే రోజులు ముగిశాయి. కొత్త ట్రాకు మీద మారుతి ఇంజిన్ల కార్లు గుంపులుగా పరిగెత్తాయి. అలా నడిపిన కుర్రాళ్ళలో ఒకడు, ఇందాక చెప్పిన కార్తికేయన్ గారి అబ్బాయి నారాయణ్. 1977 జనవరిలో సంక్రాంతి రోజుల్లో పుట్టినవాడు. ఫార్ములా మారుతిలో మొదలుపెట్టి, ఫ్రాన్సులో రేసు బడికి వెళ్ళి, తర్వాత ఇంగ్లండు చేరాడు.

ఇక బాధపడి రాయాల్సిన భాగం. కరివర్ధన్ గారికి నేల మీది వేగంతో పాటు గాలిలో తేలడమూ ఇష్టమే. 1995 ఆగస్టులో, 41 ఏళ్ళ వయసులో, తేలికపాటి చిన్న విమానం కూలి ఆయన పోయారు. మరునాడు మా ఆఫీసులో పని సాగలేదు. ఆయన్ని దగ్గరగా ఎరిగినవారు మాలో ఎవరూ లేరు. అయినా టీ కొట్టు దగ్గర అందరం సొంత ఇంట్లో మనిషి పోయినట్టే నిలబడ్డాం. అన్నేళ్ళు రేసుల్లో నడిపి, చివరికి రేసుకు సంబంధమే లేని చోట పోవడమేమిటని అనుకున్నాం.

పెద్దాయన అడిగిన ప్రశ్న ఇక్కడే తగులుతుంది. మేము దాన్ని దాటవేయం. గాలిలోకి వెళ్ళడం ఆయన ఇష్టం, దాని మూల్యం ఆయన కుటుంబం చెల్లించింది. అందులో పిల్లలకు చూపించాల్సింది ఏమీ లేదు. కానీ రేసుల విషయానికి వస్తే, రోడ్డు మీద కాక కంచె వేసిన ట్రాకు మీద, హెల్మెట్టు పెట్టుకుని, ఒక నియమం కింద వేగంగా వెళ్ళడం ఆయన మా ఊరి కుర్రాళ్ళకు నేర్పారు. ఈ సంగతి అవినాశి రోడ్డు మీద మోటారు సైకిళ్ళతో విన్యాసాలు చేసే మన పిల్లలకు చెప్పదగ్గదే. మా మనవడికి హెల్మెట్టు పెట్టించడానికే మా తలప్రాణం తోకకు వస్తోంది, అది వేరే కథ.

2005 మార్చిలో నారాయణ్ జోర్డన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లోకి దిగాడు. ఆ పోటీలో నిలబడ్డ మొదటి భారతీయుడు. అదే ఏడాది అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో నాలుగో స్థానంలో వచ్చి 5 పాయింట్లు తెచ్చుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు టైర్ల గొడవతో చాలా జట్లు తప్పుకుంటే ఆరు కార్లే పరిగెత్తాయి. అయినా పాయింట్లు పాయింట్లే. హైదరాబాదు బంధువులు అప్పుడు మాకు ఫోను చేసి, ఈ తమిళ కుర్రాడు మీ ఊరివాడేనా అని అడిగారు. తమిళ కుర్రాడే, కాదనం. మన ఇళ్ళలో మాట్లాడే తెలుగు వాళ్ళ ఇంట్లోనూ ఉందని చెబితే నమ్మడానికి వాళ్ళకు కొంత సేపు పట్టింది. మొదటి కారు కట్టిన మనిషి అప్పటికి పోయి పదేళ్ళు.

ఊరికి దక్షిణాన చెట్టిపాళయం దగ్గర రెండు కిలోమీటర్ల పైచిలుకు రేసు ట్రాకు ఉంది. దాని పేరు కరి మోటార్ స్పీడ్‌వే. ఎల్‌జీబీ పేరుతో నడిచే ఫార్ములా కార్ల పోటీ ఆయన ఆలోచనకు కొనసాగింపే. అందులోనూ దేశంలో దొరికే ఇంజినే, అందరికీ ఒకే కారే.

తెలుగుకు ఆయన సేవ ఏమిటన్న కోశాధికారి గారి ప్రశ్న మిగిలింది. పుస్తకం రాయలేదు, సభ పెట్టలేదు. మన హాలులో ఉన్న ఫోటోల్లో అలాంటివారు ఇంకా నలుగురున్నారు. వాళ్ళు డబ్బిచ్చారు కనుక ఎవరూ అడగలేదు. ఇక్కడి తెలుగువారి చరిత్ర అంటే తెలుగు అక్షరాల చరిత్ర ఒక్కటే కాదని మా ఉద్దేశం. మన ఇళ్ళలో సగం మందికి మాట తెలుగు, రాత తమిళం. అక్షరం రానంత మాత్రాన వాళ్ళను లెక్కలోంచి తీసేస్తే సభ్యత్వ రిజిస్టరులో మిగిలేది పాతిక పేర్లు. ఆ రిజిస్టరు రాసేది మేమే కనుక ఈ సంగతి మాకు బాగా తెలుసు.

చివరికి పోయిన నెల సమావేశంలో ఒక్క ఓటు తేడాతో ఫోటోకు అనుమతి వచ్చింది. కింద పేరు తెలుగులోనూ తమిళంలోనూ ఉండాలని తీర్మానం. తెలుగు రాసే పెయింటరు ఊళ్ళో దొరకలేదు. అక్షరాలు మేమే పెన్సిలుతో గీసి ఇచ్చాం. వాటి మీద తమిళ పెయింటరు రంగు దిద్దాడు. ర కింద ధ వత్తు దగ్గర కాస్త అటూ ఇటూ అయింది, వచ్చిన వాళ్ళు చూసి చెప్పండి.