విక్టర్ హ్యూగో ప్రవాస జీవితము

చిత్తూరు నాగయ్యగారు కథానాయకుడుగా నటించిన 'బీదలపాట్లు' అను చలనచిత్రము 1950లో వెలువడినది. దానికి మూలము 'లే మిజరాబ్ల్' అను ఫ్రెంచి నవల. తోబుట్టువు బిడ్డల ఆకలి చూడలేక ఒక రొట్టెను దొంగిలించి, పందొమ్మిదేండ్లు శిక్ష ననుభవించిన అభాగ్యుని కథ అది. దాని కర్త విక్టర్ హ్యూగో. ఈ నవల పూర్తియైనది ఆయన స్వదేశమున కాదు. మొదట వెలువడినదియు స్వదేశమున కాదు. ప్రభుత్వాగ్రహమునకు గురియై, ఇల్లు వాకిలి విడిచి, పొరుగు గడ్డలపై కాపురమున్న కాలమున ఆయన దానిని ముగించెను. దాదాపు పందొమ్మిదేండ్లు సాగిన ఆ ప్రవాసమే హ్యూగో వ్యక్తిత్వమునకు ఒరగల్లు.

హ్యూగో 1802 ఫిబ్రవరి 26వ తేదీన ఫ్రాన్సు దేశపు తూర్పు భాగమునందలి బెజాన్సాన్ పట్టణమున జన్మించెను. తండ్రి నెపోలియను సైన్యములో ఉద్యోగి. దండు ఎటు కదలిన ఆయన కాపురమును అటు కదలవలసినదే. అందుచేత హ్యూగో బాల్యములోనే ఇటలీలోని నేపుల్సును, స్పెయిను రాజధానియగు మాడ్రిడ్డును చూచెను. 1811లో మాడ్రిడ్డునందు ఆయనను అన్నతో కూడ వసతి పాఠశాలలో చేర్చిరి. అచట మాట వేరు, ఆచారము వేరు. ఆ దేశమును ఫ్రెంచి సేనలు ఆక్రమించియుండుటచే తోడి బాలురకు వీరు శత్రువుల బిడ్డలు. పరభాషలో బ్రతుకుట ఎట్టిదో ఆయన తొమ్మిదేండ్లకే ఎరుంగును. మరుసటి యేడు తల్లి పిల్లలను వెంటబెట్టుకొని పారిసు చేరెను.

పారిసులోనే హ్యూగో కవియై పేరు గాంచెను. 1822లో అడేల్ ఫూషే అను బాల్యస్నేహితురాలిని వివాహమాడెను. 1830లో 'ఎర్నానీ' నాటకమును, 1831లో 'నోత్ర్ దామ్ ద పారీ' నవలయు ఆయన కీర్తిని నలుదెసల వ్యాపింపజేసెను. 1841లో ఫ్రెంచి అకాడమీ సభ్యత్వమును, 1845లో ప్రభువుల సభలో స్థానమును లభించెను. ఈ వైభవము నడుమనే తీరని శోకమొకటి కలిగెను. క్రొత్తగా పెండ్లియైన పెద్దకుమార్తె లియోపోల్డిన్ 1843 సెప్టెంబరు 4వ తేదీన విల్కియే గ్రామమువద్ద పడవ తిరుగబడి భర్తతో సహా సేన్ నదిలో మునిగి మరణించెను. చార్లెస్, ఫ్రాన్స్వా విక్టర్ అను కుమారులును, తల్లి పేరే గల అడేల్ అను కుమార్తెయు మిగిలిరి.

1848లో ఫ్రాన్సున రాజరికము కూలి ప్రజాప్రభుత్వ మేర్పడెను. హ్యూగో శాసనసభకు ఎన్నికయ్యెను. గొప్ప నెపోలియను సోదరుని కుమారుడగు లూయీ నెపోలియను అధ్యక్షపదవికి పోటీచేసినపుడు హ్యూగో ఆయనను బలపరచెను. కాని కాలము గడచినకొలది అధ్యక్షుని అధికారదాహము తేటతెల్లమయ్యెను. హ్యూగో సభలో ఆయనను తీవ్రముగా ఎదిర్చెను. హ్యూగో కుమారులు నడుపుచుండిన పత్రికపై ప్రభుత్వము అభియోగములు మోపెను. మరణశిక్షను ఖండించి వ్రాసినందుకు చార్లెసునకు ఆరు నెలల ఖైదు పడెను; తరువాత తమ్ముడును చెరసాల పాలయ్యెను.

1851 డిసెంబరు 2వ తేదీ తెల్లవారుజామున లూయీ నెపోలియను శాసనసభను రద్దుచేసి, ప్రత్యర్థులను నిర్బంధించి, అధికారమును హస్తగతము చేసికొనెను. హ్యూగో కొందరు సభ్యులతో కలిసి ప్రజలను ప్రతిఘటనకు పురికొల్పెను. వీథులలో అడ్డుకట్టలు లేచెను. సైనికులు వానిని నేలమట్టము చేసిరి. పోలీసులు వెదకుచుండగా హ్యూగో ఇల్లిల్లు మారుచు దాగెను. తుదకు డిసెంబరు 11వ తేదీ రాత్రి కార్మికుని వేషము ధరించి పారిసు ఉత్తరపు స్టేషనులో రైలెక్కెను. చేతనున్న పాస్‌పోర్టులోని పేరు లాన్వాన్ అను ఒక అచ్చుకూటపు కంపోజిటరుది. ఇంతకాలము ఆయన వ్రాతలను అక్షరములుగా పేర్చిన వృత్తివారి పేరే ఆనాడు ఆయనను సరిహద్దు దాటించినది. మరునాటి ఉదయమునకు ఆయన బెల్జియము రాజధానియగు బ్రస్సెల్సు చేరెను.

బెల్జియము చిన్న దేశము. 1830లోనే స్వతంత్రమైనది. ఉత్తర భాగమున ఫ్లెమిష్ భాష మాటాడుదురు. దక్షిణ భాగమునను, నాటి ప్రభుత్వ కార్యాలయములందును, విద్యావంతుల ఇండ్లయందును ఫ్రెంచి చెల్లుచుండెను. పారిసునుండి రైలులో ఒక్క రాత్రి ప్రయాణము. అంగడిలో బేరమాడుటకు గాని, పత్రిక చదువుటకు గాని, అధికారికి అర్జీ వ్రాయుటకు గాని క్రొత్తభాష నేర్వనక్కరలేదు. ఇండ్లు కోల్పోయి వచ్చిన వేలాది ఫ్రెంచివారికి ఇది గొప్ప ఊరట. హ్యూగోవంటి రచయితకు మరియొక లాభము కలదు. బ్రస్సెల్సు ముద్రాపకులు అంతకుముందు ఎన్నో యేండ్లుగా ఫ్రెంచి గ్రంథములను రచయితలకు ప్రతిఫలమీయకయే మరల అచ్చువేసి చౌకగా అమ్ముచుండిరి. ఆ అక్రమవ్యాపారమువలన నష్టపోయినవారిలో హ్యూగోయు ఒకడు. ఇప్పుడు స్వదేశమున నోరు మూయబడిన ఆయనకు ఆ నగరపు అచ్చుకూటములే ఆశ్రయమయ్యెను.

నగరమధ్యమునందలి గ్రాండ్ ప్లాస్ అను చౌకమువద్ద చిన్న గది నొకదానిని అద్దెకు తీసికొని ఆయన మితవ్యయముతో జీవింపసాగెను. నగరాధ్యక్షుడగు షార్ల్ ద బ్రూకేర్ ఆయనను ఆదరించెను. ఆయన వ్రాతప్రతులున్న పెట్టెను జూలియెట్ ద్రూయే అను ఆప్తురాలు పారిసునుండి భద్రముగా తెచ్చి యిచ్చెను. చిరకాలముగా ఆయనను అంటిపెట్టుకొనియున్న ఆమె ప్రవాసమునందును వెన్నంటి నిలిచినది. ఆ పెట్టెలో, అనంతరము 'లే మిజరాబ్ల్'గా రూపొందిన నవల సగములో నిలిచియుండెను. 1852 జనవరి 9వ తేదీన ఫ్రాన్సు ప్రభుత్వము హ్యూగోను దేశమునుండి బహిష్కరించుచు ఉత్తరువు ప్రకటించెను. ఆ నెలాఖరున చెరవిడిన చార్లెస్ తండ్రిని చేరుకొనెను.

కాపురము తరలించు భారము పారిసులోనున్న అడేల్‌పై పడెను. ఒక కుమారుడు ఇంకను చెరసాలలో, భర్త పరదేశములో. ప్రవాసము స్వల్పకాలములో ముగియునను ఆశ క్రమముగా సన్నగిల్లెను. 1852 జూన్ నెలలో ఇంటి సామాను వేలము వేసిరి. ఇరువది యేండ్లుగా హ్యూగో మక్కువతో కూర్చుకొనిన చెక్కడపు బల్లలును, కుర్చీలును, చిత్రములును, పుస్తకములును పరుల పాలయ్యెను. గృహస్థునకు ఇంతకంటె దుస్సహమైన దృశ్యముండదు. ఆ వేలమును కన్నులార చూడవలసిన దుఃఖము హ్యూగోకు లేకపోయెను గాని, దాని భారమంతయు ఆయన ఇల్లాలు మోసెను.

అదే సమయమున హ్యూగో లూయీ నెపోలియను అక్రమములను ఎండగట్టుచు 'నెపోలియను ల పెతీ' అను గ్రంథమును రమారమి ఒక నెలలో వ్రాసి ముగించెను. 'అల్పుడగు నెపోలియను' అని ఆ పేరునకు అర్థము. గ్రంథము బ్రస్సెల్సులోనే అచ్చయ్యెను. సులభముగా దాచి ఫ్రాన్సులోనికి చేరవేయుటకు వీలుగా దానిని మిక్కిలి చిన్న పరిమాణమున ముద్రించిరి. ఈ పుస్తకము వెలువడినచో హ్యూగో బెల్జియములో నిలువజాలడని అందరు నెరిగిరి. భాష ఒక్కటియే యైనను ప్రక్కనున్న పెద్ద రాజ్యముతో విరోధము తెచ్చుకొనుటకు చిన్న దేశమునకు ధైర్యము చాలదు. విదేశ ప్రభువులను దూషించువారిని శిక్షించు శాసనము నొకదానిని ఆ యేడు డిసెంబరులో బెల్జియము చేసికొనెను కూడ. హ్యూగో అంతవరకు ఆగలేదు. తనవలన ఆతిథేయులకు చిక్కు కలుగరాదని ఆగస్టు మొదటి దినమున బెల్జియము విడిచి, లండను మీదుగా జెర్సీ ద్వీపమునకు తరలెను.

జెర్సీ, గెర్న్సీ ద్వీపములు నాడు ఇంగ్లాండు రాణి ఏలుబడిలో నుండెను. కాని ఫ్రాన్సు తీరమునకు చేరువలో నున్నవి. అచటి న్యాయస్థానములలో నాడు ఫ్రెంచియే వాడుక. నాడు జనసామాన్యము మాటాడుచుండినదియు ఫ్రెంచికి సోదరియగు నార్మన్ పలుకుబడియే. జెర్సీలో కుటుంబమంతయు ఒకచోట చేరి సముద్రపుటొడ్డున ఒక ఇంట కాపురము పెట్టెను. అయినను 1855లో అచటి ప్రవాసుల పత్రిక విక్టోరియా రాణిని విమర్శించిన వ్యాసమును ప్రకటింపగా, దానిని సమర్థించినవారికి తోడు నిలిచిన హ్యూగోను కూడ ద్వీపమునుండి వెడలగొట్టిరి. మరల మూటలు కట్టి వారు గెర్న్సీ చేరిరి. 1856లో తన కవితాసంపుటి 'లే కోంతాంప్లాసియోన్' వలన వచ్చిన ధనముతో హ్యూగో అచట ఓత్‌విల్ అను ఇంటిని కొనెను. భూమి గలవానిని వెడలగొట్టుట సులభము కాదను ఆలోచనయు ఆ కొనుగోలునందు కలదు. వేలములో పోయిన ఇంటికి బదులుగా ఆయన ఈ ఇంటిని పాత పెట్టెల చెక్కలతోను, చెక్కడములతోను స్వయముగా తీర్చిదిద్దెను. ఇంటి పైభాగమున అద్దాల గదిలో నిలుచుండి వ్రాయుట ఆయన అలవాటు. 1862 నుండి వారమువారము ఆ దీవిలోని బీదబిడ్డలకు తన ఇంట భోజనము పెట్టెను.

ప్రవాసము హ్యూగో కలమునకు పదును పెట్టినది గాని కుటుంబమునకు భారమయ్యెను. చిన్న కుమారుడు ఫ్రాన్స్వా విక్టర్ కాలమును వ్యర్థము చేయక షేక్స్పియరు నాటకములన్నింటిని ఫ్రెంచిలోనికి అనువదించి యశస్సు గడించెను. కుమార్తె అడేల్ మాత్రము ఏకాంతమునకు తాళలేకపోయెను. 1863లో ఒక ఆంగ్ల సైనికోద్యోగిని వెంబడించుచు ఇల్లు విడిచి కెనడా చేరెను; క్రమముగా మతి చలించి, ఫ్రాన్సు తిరిగి వచ్చిన పిదప శేషజీవితమును చికిత్సాలయములలో గడపెను. 1859లో చక్రవర్తి ప్రవాసులందరికిని క్షమాభిక్ష ప్రకటించినపుడు పెక్కుమంది తిరిగి వెళ్ళిరి. హ్యూగో వెళ్ళలేదు. స్వేచ్ఛ లేని దేశమునకు తాను మరలి రానని నిశ్చయించుకొనెను. ఆ నిశ్చయమునకు మూల్యము చెల్లించినది ఆయన ఒక్కడే కాదు.

1861లో హ్యూగో బెల్జియము వెళ్ళి, గొప్ప నెపోలియను ఓడిన వాటర్లూ యుద్ధభూమి చెంత బసచేసి, జూన్ 30వ తేదీన 'లే మిజరాబ్ల్' నవలను అచటనే ముగించెను. బ్రస్సెల్సు ప్రకాశకుడగు లాక్రువా దాని ప్రచురణ హక్కులకు 3 లక్షల ఫ్రాంకుల నిచ్చుటకు ఒప్పుకొనెను. 1862 మార్చి 30వ తేదీన తొలి సంపుటములు బ్రస్సెల్సులో వెలువడెను. కొలది దినములకే పారిసు చేరెను. కర్తకు ప్రవేశము లేని దేశములో కృతిని జనులు ఎగబడి కొనిరి.

కొన్నాళ్ళకు కుమారులును భార్యయు బ్రస్సెల్సులోనే కాపురము నెలకొల్పుకొనిరి. 1868 ఆగస్టు 27వ తేదీన అడేల్ అచటనే కన్నుమూసెను. ఆమె అభీష్టము ననుసరించి విల్కియేలో కుమార్తె సమాధి ప్రక్కన ఖననము చేయ నిశ్చయించిరి. హ్యూగో శవపేటికతో సరిహద్దు ఊరివరకు రైలులో వెళ్ళి, అచటనే ఆగిపోయెను. పేటిక ఫ్రాన్సులోనికి సాగెను. భర్త వెనుకకు మరలెను. నలుబదియారేండ్ల దాంపత్యము ఆ సరిహద్దు గీతవద్ద ముగిసినది.

1870 సెప్టెంబరు 4వ తేదీన చక్రవర్తి ప్రభుత్వము కూలి ప్రజాప్రభుత్వము వెలసెను. మరునాడే హ్యూగో బ్రస్సెల్సునుండి రైలులో పారిసు చేరెను. మారుపేరుతో విడిచిన ఉత్తరపు స్టేషనులోనే వేలాది జనులు ఆయన పేరు నుచ్చరించుచు స్వాగతమిచ్చిరి.

ఇంతటితో కథ ముగియలేదు. 1871 మార్చిలో చార్లెస్ హఠాత్తుగా మరణింపగా, ఆతని వ్యవహారములను చక్కబెట్టుటకై హ్యూగో కోడలిని, చిన్న మనుమని, మనుమరాలిని తోడ్కొని మరల బ్రస్సెల్సు వెళ్ళెను. అప్పుడు పారిసులో 'కమ్యూను' తిరుగుబాటు సాగుచుండెను. మే నెలలో సైన్యము దానిని అణచి వేలమందిని చంపెను. పారిపోయి వచ్చు తిరుగుబాటుదారులకు ఆశ్రయమీయమని బెల్జియము ప్రకటించెను. హ్యూగో వారి చేతలన్నింటిని మెచ్చినవాడు కాడు. అయినను వారిలో ఎవరు వచ్చినను తన ఇంట చోటిత్తునని పత్రికాముఖమున తెలియజేసెను. మే 27వ తేదీ రాత్రి ఒక మూక ఆ ఇంటిపై రాళ్ళు రువ్వెను. లోపల నున్నది ఒక వృద్ధుడును, ఆడువారును, ఇద్దరు పసిబిడ్డలును. మూడు దినములకు, మే 30న, ప్రభుత్వము రాళ్ళు రువ్వినవారిని విడిచి హ్యూగోను దేశము విడువుమని శాసించెను. ఆయన అరువదితొమ్మిదవ యేట కుటుంబముతో లక్సెంబర్గు దేశమునకు తరలి, కొన్ని నెలల పిమ్మట పారిసు చేరెను. తనకు ఒకనాడు దొరకిన ఆశ్రయమును ఇతరులకు ఇచ్చుటకు ఆయన తన ఆశ్రయమునే పోగొట్టుకొనెను.

ఆ తిరుగుబాటు మంటలలో పారిసునందలి లూవ్ర్ గ్రంథాలయము దగ్ధమయ్యెను. 1872లో ప్రకటించిన సంపుటిలో హ్యూగో ఆ దుర్ఘటనపై ఒక కవిత వ్రాసెను. గ్రంథముల విలువను కీర్తించిన తరువాత, నిప్పు పెట్టినవానికి చదువు రాకపోవుటయే ఆ పాపమునకు మూలమని అందు ధ్వనింపజేసెను. పుస్తకములను భద్రపరచుట చాలదు, వానిని చదువగలవారిని తయారుచేయవలెనని దాని భావము.

1885 మే 22వ తేదీన హ్యూగో పరమపదించెను. జూన్ 1వ తేదీన లక్షలాది జనుల నడుమ ఆయనను, తాను కోరినట్లు, బీదలను మోయు శవశకటముపైననే కొనిపోయి పాంథియోనులో ఉంచిరి. మరణశాసనములో బీదలకు 50 వేల ఫ్రాంకులు వ్రాసెను. తన వ్రాతప్రతులన్నింటిని పారిసు జాతీయ గ్రంథాలయమునకు ఇచ్చెను. బల్లలు, కుర్చీలు వేలములో చెదరిపోయినవి. బ్రస్సెల్సు, జెర్సీ, గెర్న్సీలలో ఆయనవెంట తిరిగిన ఆ పెట్టెలోని కాగితములు మాత్రము నేటికిని ఆ గ్రంథాలయమున భద్రముగా నున్నవి.