అకిరా కురోసావా: తన కలలనే సినిమాగా తీసిన దర్శకుడు.. కొత్తగా చూసేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎండ కాస్తూనే వాన పడితే మన ఊళ్లలో కుక్కకు, నక్కకు పెళ్లి అంటారు కదా. జపాన్‌లో అది నక్కల పెళ్లి. అలాంటప్పుడు బయటకు వెళ్లొద్దని తల్లి చెప్పినా వినకుండా ఓ పిల్లాడు అడవిలోకి వెళ్తాడు. మంచు తెరల్లోంచి ఆ పెళ్లి ఊరేగింపు మెల్లగా అడుగులేస్తూ వస్తుంది. 1990లో వచ్చిన 'డ్రీమ్స్' సినిమా ఇలా మొదలవుతుంది. దర్శకుడు అకిరా కురోసావా. అప్పటికి ఆయన వయసు 80 ఏళ్లు. తనకొచ్చిన కలల ఆధారంగా ఎనిమిది చిన్న కథలను ఇందులో చూపించారు.

కురోసావా 1910 మార్చి 23న టోక్యోలో పుట్టారు. ఎనిమిది మంది సంతానంలో ఆఖరివాడు. చిత్రకారుడు కావాలన్నది చిన్నప్పటి కోరిక. 1923లో టోక్యోను భారీ భూకంపం కుదిపేసినప్పుడు ఆయనకు 13 ఏళ్లు. అన్న హెయిగో ఆయన్ని శవాలు పడి ఉన్న వీధుల్లోకి తీసుకెళ్లాడు. తమ్ముడు మొహం తిప్పుకుంటే ఊరుకోలేదు, సరిగ్గా చూడమన్నాడు. కళ్లు మూసుకుంటేనే భయం పెరుగుతుందన్నది ఆ అన్న నేర్పిన పాఠం. మూకీ సినిమాలకు వ్యాఖ్యానం చెప్పే హెయిగో, టాకీలు రావడంతో ఆ పని పోయి 1933లో ప్రాణాలు తీసుకున్నాడు.

మూడేళ్ల తర్వాత తమ్ముడు అదే సినిమా రంగంలోకి అసిస్టెంట్ డైరెక్టర్‌గా వచ్చారు. 1943లో తొలి సినిమా తీశారు. 'రషోమన్' 1951లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచింది. దాంతో ప్రపంచం జపాన్ సినిమా వైపు చూసింది. 1954లో 'సెవెన్ సమురాయ్' వచ్చింది.

అంత పేరున్న మనిషికీ గడ్డుకాలం తప్పలేదు. 1970 నాటి 'డోడెస్కాడెన్' ఫ్లాపైంది. మరుసటి ఏడాది ఆయన ఆత్మహత్యాయత్నం చేశారు. ప్రాణాలతో బయటపడ్డారు. తర్వాత సోవియట్ యూనియన్ వెళ్లి తీసిన 'దెర్సు ఉజాలా' ఆస్కార్ తెచ్చింది. 'కగెముషా'కు డబ్బు దొరకని రోజుల్లో ఆ సీన్లన్నీ బొమ్మలుగా వేసుకుంటూ కూర్చున్నారు. చివరకు జార్జ్ లూకాస్, ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా అండగా నిలిచారు. 'డ్రీమ్స్' సమయంలో స్టీవెన్ స్పీల్‌బర్గ్ చొరవ చూపారు.

కలలంటే కమ్మగా ఉంటాయనుకోవద్దు. ఓ కథలో యుద్ధం నుంచి తిరిగొస్తున్న అధికారికి సొరంగం దగ్గర, చనిపోయిన తన సైనికులే ఎదురవుతారు. తాము చనిపోయామన్న సంగతి వాళ్లకు తెలియదు. ఆ మాట ఆయనే చెప్పాలి. మరో కథలో అణు విద్యుత్ కేంద్రం పేలుతుంది, ఫుజి పర్వతం ఎర్రబారుతుంది, జనం సముద్రం వైపు పరుగెడతారు. 21 ఏళ్ల తర్వాత ఫుకుషిమా ప్రమాదం జరిగింది. అది చూడటానికి కురోసావా లేరు. 1998 సెప్టెంబరు 6న, 88 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇంతకీ ముందు ఏది చూడాలి?

'సెవెన్ సమురాయ్' గొప్పదే కానీ దాదాపు మూడున్నర గంటలు. మొదట 'రషోమన్' చూడండి, గంటన్నరలో అయిపోతుంది. ఒకే హత్యను నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. ఎవరిది నిజమో మనమే తేల్చుకోవాలి. తర్వాత 1957 నాటి 'థ్రోన్ ఆఫ్ బ్లడ్'. ఇది షేక్‌స్పియర్ 'మాక్‌బెత్' కథే. పొగమంచు, అడవిలో దారి తప్పిన గుర్రాలు, జోస్యం చెప్పే దెయ్యం.. చూస్తుంటే పీడకలలా ఉంటుంది.

ఆ రెండూ చూశాక 'డ్రీమ్స్'కు రండి. ఒకేసారి చూడలేకపోతే రోజుకో కథ చూసినా చాలు. వాన్ గో పెయింటింగుల్లోకి ఓ కుర్రాడు నడిచి వెళ్లే కథను మాత్రం వదలొద్దు. అందులో వాన్ గోగా నటించింది దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ. చిత్రకారుడు కావాలనుకున్న ఆ చిన్నప్పటి అకిరా మనకు అక్కడే కనిపిస్తాడు.

నెమ్మదిగా సాగుతోందని ఫార్వర్డ్ మాత్రం కొట్టొద్దు. ఫోన్ అడ్డంగా తిప్పి, గదిలో లైట్ ఆర్పి చూడండి. అన్న చెప్పినట్టు కళ్లు తిప్పుకోకుండా చూస్తేనే ఈ కలలు అర్థమవుతాయి.