ఒక్క సబ్జెక్టు హోంవర్కు మాత్రమే చేసిన కుర్రాడు

రాత్రి స్టడీ అవర్ గంట కొట్టగానే మన వరండాలో మొదలయ్యే గోల మీకందరికీ తెలిసిందే. ఒకడు లెక్కల నోట్సు కోసం వెతుకుతాడు, ఒకడు సైన్సు బొమ్మ గీయలేదని కంగారు పడతాడు, ఇంకొకడు రేపటి కంప్యూటర్ క్లాసు ప్రశ్నలు పక్కవాడి పుస్తకం చూసి ఎక్కిస్తాడు. ఇంటర్లో కామర్సు తీసుకున్న అన్నలైతే జమా ఖర్చుల పట్టీ కలవడం లేదని తల పట్టుకుంటారు. నాకు లెక్కలంటే ఇష్టం. మిగతావి ముట్టుకోబుద్ధి కాదు. సోషల్ హోంవర్కు ఎగ్గొట్టి వార్డెన్ సార్ చేతికి మూడుసార్లు దొరికిపోయాను. అలా దొరికిన మూడోరోజే లైబ్రరీ బీరువాలో శ్రీనివాస రామానుజన్ జీవితం గురించిన పుస్తకం కనబడింది. చదివాక నిద్ర పట్టలేదు. డిసెంబర్ 22 ఆయన పుట్టినరోజు, 2012 నుంచి జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకుంటున్నాం కదా, అందుకే ఈసారి మన గోడపత్రికకు ఇది రాస్తున్నాను.

రామానుజన్ 1887లో తమిళదేశంలోని ఈరోడ్‌లో, అమ్మమ్మగారింట పుట్టాడు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి బట్టల కొట్లో గుమస్తా. నెలకు ఇరవై రూపాయల దాకా జీతం. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడేది, ఇంట్లో కాలేజీ పిల్లల్ని అద్దెకు పెట్టుకునేది. రెండేళ్ల వయసులో వాడికి మశూచి వచ్చింది. ఆ ఏడు ఆ జిల్లాలో చాలామంది పిల్లలు పోయారు, వాడు మాత్రం బతికాడు. తన తర్వాత పుట్టిన తోబుట్టువులు కొందరు పసితనంలోనే పోయారు.

1897లో ప్రైమరీ పరీక్షలో జిల్లా మొత్తానికి మొదట వచ్చాడు. అప్పుడు అన్ని సబ్జెక్టులూ బాగానే చదివేవాడన్నమాట, అది గుర్తుంచుకోండి. తర్వాత టౌన్ హైస్కూల్లో చేరాడు. ఇంట్లో అద్దెకున్న కాలేజీ విద్యార్థుల్ని లెక్కలు అడిగి అడిగి, వాళ్లకు తెలిసిందంతా పదకొండేళ్లకే లాగేసుకున్నాడు. లోనీ అనే ఆయన రాసిన త్రికోణమితి పుస్తకం పదమూడేళ్లకు పూర్తి చేశాడు. మనం టెన్తులో సైన్, కాస్ దగ్గరే తడబడుతున్నాం!

ఆ స్కూల్లో 1200 మంది పిల్లలు, 35 మంది మాస్టర్లు ఉండేవారు. ఎవరికి ఏ గదిలో ఏ పీరియడ్ అని టైంటేబుల్ వేయడం పెద్ద తలనొప్పి. ఆ పని ఈ కుర్రాడికి అప్పగించారు. మన స్కూల్లో ఇద్దరు సార్లు సెలవు పెడితేనే టైంటేబుల్ తలకిందులవుతుంది, కాబట్టి ఆ పని ఎంత కష్టమో మన సార్లకే బాగా తెలుసు. ఇప్పుడు ఇలాంటివి కంప్యూటరుకు ఇస్తున్నారు.

పదహారో ఏట వాడి చేతికి ఒక పుస్తకం వచ్చింది. రాసింది కార్ అనే ఆయన, లండన్లో పరీక్షలకు ట్యూషన్లు చెప్పుకునే మాస్టారు. అందులో దాదాపు ఐదువేల సూత్రాలు, ఫలితాలు వరుసగా ఉంటాయి. చాలావాటికి వివరంగా రుజువు ఉండదు, ఉంటే గింటే రెండు ముక్కలు. నిజం చెప్పాలంటే అది మన గైడు లాంటిదే! మనం గైడు తెరిస్తే జవాబు ఎక్కించి మూసేస్తాం. రామానుజన్ జవాబు చూసి, ఇది ఎలా వచ్చింది అని వెనక్కి నడిచాడు. ఒక్కో ఫలితమూ వాడికి ఒక్కో హోంవర్కు అయింది. ఏ మాస్టారూ ఇవ్వని, ఎవరూ దిద్దని హోంవర్కు. అది చేస్తూ చేస్తూ పుస్తకంలో లేని ఫలితాలు కూడా కనిపెట్టి నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాడు. కాగితం కొనే స్తోమత లేదు కాబట్టి లెక్కంతా పలక మీద చేసేవాడు. గుడ్డతో తుడిస్తే ఆలస్యమని మోచేత్తో తుడిచేవాడు. చివరికి వచ్చిన ఫలితం మాత్రమే నోటుబుక్కులోకి ఎక్కేది. అందుకే ఆ నోటుబుక్కుల్లో మధ్యలో మెట్లు ఉండవు. మన లెక్కల సార్ చూస్తే స్టెప్స్ రాయలేదని సున్నా చుట్టేవారేమో.

ఇక్కడివరకూ కథ బాగుంది. ఇక్కడి నుంచే నాకు నిద్ర పట్టనిది.

1904లో స్కూలు పూర్తయింది. లెక్కల్లో బహుమతి వచ్చింది, కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో స్కాలర్‌షిప్పు వచ్చింది. అప్పుడు ఎఫ్.ఏ. అనేవారు, మన ఇంటర్ లాంటిది. లెక్కలతో పాటు ఇంగ్లీషు, సంస్కృతం, శరీరశాస్త్రం, గ్రీకు రోము దేశాల చరిత్ర కూడా చదవాలి. వాడు ఏ క్లాసులో కూర్చున్నా కింద లెక్కలే చేసుకునేవాడు. మిగతావాటిలో తప్పాడు. స్కాలర్‌షిప్పు పోయింది. ఫీజు టర్ముకు 32 రూపాయలు, అంటే తండ్రి నెలన్నర సంపాదన. మనలో స్కాలర్‌షిప్పు మీద, హాస్టల్ భోజనం మీద చదివేవాళ్లకు ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

1905 ఆగస్టులో ఇంట్లో చెప్పకుండా పారిపోయాడు. ఎటు అనుకున్నారు? విశాఖపట్నం వైపు! మన తెలుగునాడుకే వచ్చాడు. పదిహేడేళ్ల కుర్రాడు, తెలియని భాష, చేతిలో డబ్బుల్లేవు. పిల్లవాడు కనిపించడం లేదని ఇంట్లోవాళ్లు పేపర్లో ప్రకటన వేయించారు. కొన్నాళ్లకు ఇంటికి చేరాడు.

1906లో మద్రాసు వెళ్లి పచ్చయప్ప కాలేజీలో చేరాడు. మళ్లీ అదే తంతు. శరీరశాస్త్రం అంటే వాడికి గిట్టదు, కప్పను కోయడం అసలే గిట్టదు. ఎఫ్.ఏ. తప్పాడు. మరుసటి ఏడు ప్రైవేటుగా కట్టాడు. లెక్కలు గట్టెక్కాయి, మిగతావి మళ్లీ పోయాయి. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. 1909లో పెళ్లి చేశారు. భార్య జానకికి అప్పుడు పదేళ్లు. ఆ రోజుల్లో అలా చేసేవారు, ఇప్పుడైతే చట్టం ఒప్పుకోదు.

ఉద్యోగం కోసం నోటుబుక్కులు చంకలో పెట్టుకుని ఊళ్లు తిరిగాడు. భారత గణిత సంఘాన్ని పెట్టిన రామస్వామి అయ్యర్ గారు డిప్యూటీ కలెక్టరు. ఆయన నోటుబుక్కులు చూసి, ఇలాంటివాణ్ణి చిన్న గుమస్తా పనిలో పడేయడం ఇష్టంలేక మద్రాసులో తెలిసినవాళ్లకు సిఫారసు రాసిచ్చాడు. అలా 1910 చివర్లో రామానుజన్ నెల్లూరు కలెక్టరు రామచంద్రరావు గారి దగ్గరకు వెళ్లాడు. ఆయనకు కూడా లెక్కలంటే ప్రాణం. మొదట అనుమానపడ్డాడు. తర్వాత ఒక్కొక్క మెట్టూ విప్పి చెప్తుంటే ఒప్పుకోక తప్పలేదు. ఏం కావాలని అడిగితే, తిండికి చాలినంత ఇస్తే లెక్కలు చేసుకుంటానన్నాడట. కలెక్టరు గారు తన జేబులోంచి నెలకు 25 రూపాయలు పంపించాడు. మన నెల్లూరు పేరు ఈ కథలో ఉందని నాకు ఇంతవరకు తెలియదు.

1911లో గణిత సంఘం వారి పత్రికలో రామానుజన్ పాఠకులకు ఒక ప్రశ్న ఇచ్చాడు. ఒకరకంగా దేశంలోని లెక్కల మాస్టర్లందరికీ హోంవర్కు ఇచ్చాడన్నమాట. ప్రశ్న ఇది, దీని విలువ ఎంత?

√(1 + 2√(1 + 3√(1 + 4√(1 + …))))

చుక్కలంటే అలా ఎప్పటికీ పోతూనే ఉంటుంది. ఆరు నెలలు, మూడు సంచికలు గడిచినా ఎవరూ జవాబు పంపలేదు. చివరికి తనే ఇచ్చాడు. జవాబు 3. అంతే!

మన తొమ్మిదో తరగతి వాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్తాను, పలక తీసుకోండి. 3 అంటే √9. 9ని 1 + 8గా రాయండి. 8 అంటే 2 × 4. ఇప్పుడు ఆ 4ను √16గా మార్చండి. 16 అంటే 1 + 15, అందులో 15 అంటే 3 × 5. ఆ 5 అంటే √25, 25 అంటే 1 + 24, 24 అంటే 4 × 6. ఇలా దిగుతూ పోతే పైన ఉన్న ప్రశ్నే తయారవుతుంది. జవాబు నుంచి వెనక్కి నడవడం అంటే ఇదే. పూర్తి రుజువుకు ఇంకొంచెం పని ఉంది, అది లెక్కల సార్‌ని అడగండి.

ఒకరి డబ్బు మీద ఎన్నాళ్లు బతకాలని అనిపించిందేమో, 1912 మార్చిలో మద్రాసు పోర్టు ట్రస్టు అకౌంట్ల విభాగంలో గుమస్తాగా చేరాడు. నెలకు 30 రూపాయలు. పగలు రేవు జమాఖర్చులు, రాత్రి తన లెక్కలు. కాగితం చాలక, ఒకసారి రాసిన కాగితం మీదే ఎర్రసిరాతో మళ్లీ రాసేవాడు. ఆఫీసులో పై అధికారి నారాయణ అయ్యర్ కూడా గణిత సంఘం మనిషే కావడం అదృష్టం. అకౌంట్లంటే చిన్నచూపు చూసే ఎం.పి.సి. అన్నలు ఈ ముక్క రెండుసార్లు చదవాలి. ఇల్లు గడిపింది ఆ చిట్టా పుస్తకమే.

ఇంగ్లండు పెద్దలకు ఉత్తరాలు రాశాడు. ఇద్దరు పట్టించుకోలేదు. 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీకి రాశాడు, దాదాపు 120 ఫలితాలు జతచేసి. హార్డీ తన స్నేహితుడు లిటిల్‌వుడ్‌తో కూర్చుని ఆ కాగితాలన్నీ పరీక్షించి, ఇది మామూలు మనిషి పని కాదని తేల్చాడు. ఆ ఏడే మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల స్కాలర్‌షిప్పు ఇచ్చింది. ఎఫ్.ఏ. రెండుసార్లు తప్పినవాడికి! 1914 మార్చి 17న ఓడ ఎక్కాడు.

హార్డీ మాత్రం ఊరికే మెచ్చుకుని వదల్లేదు. మెట్లు చూపించమన్నాడు. ప్రధాన సంఖ్యల గురించి రామానుజన్ పంపిన సూత్రాల్లో కొన్ని తప్పు. చిన్న సంఖ్యలకు సరిపోతాయి, పెద్ద సంఖ్యలకు పోవు. ఆయన కూడా తప్పు చేశాడని చదివి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. వాళ్లిద్దరూ కలిసి చేసిన పెద్ద పని ఒకటుంది. 4ను ఎన్ని రకాలుగా విడగొట్టవచ్చు? 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. మొత్తం 5 రకాలు. మరి 200ను? మాక్‌మాన్ అనే పాత ఫిరంగిదళ అధికారి 200 వరకూ చేత్తో లెక్కగట్టి పట్టిక వేశాడు. 200కు వచ్చింది 39,72,99,90,29,388. అంటే దాదాపు నాలుగు లక్షల కోట్లు. హార్డీ, రామానుజన్ల సూత్రంతో చూస్తే సరిగ్గా అదే సంఖ్య వచ్చింది. 1918లో దాన్ని ప్రచురించారు. నాకైతే ఇందులో మాక్‌మాన్ కూడా గొప్పవాడే, ఎవరూ ఆయన పుట్టినరోజు చేయరు గానీ.

యుద్ధకాలం, చలిదేశం, శాకాహారం. తన వంట తనే చేసుకునేవాడు. 1917లో జబ్బుపడ్డాడు. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు, అదే ఏడు ట్రినిటీ కాలేజీ ఫెలో అయిన మొదటి భారతీయుడయ్యాడు. 1729 టాక్సీ కథ మీకందరికీ వచ్చు కాబట్టి వదిలేస్తున్నాను. 1919లో తిరిగి వచ్చాడు. మంచంమీద కూడా లెక్కలు మానలేదు. 1920 ఏప్రిల్ 26న చనిపోయాడు. 32 ఏళ్లు.

1914లో ఆయన పై (π) విలువకు కొన్ని సూత్రాలు ఇచ్చాడు. 1985లో అమెరికాలో బిల్ గాస్పర్ అందులో ఒకదాన్ని కంప్యూటరుకిచ్చి కోటీ డెబ్భై లక్షలకు పైగా అంకెలు రాబట్టాడు. ఆ సూత్రంలో ఒక్కో పదం కలిపినప్పుడల్లా సుమారు 8 అంకెలు చొప్పున దొరుకుతాయి. కంప్యూటరు పుట్టకముందే కంప్యూటరుకు హోంవర్కు ఇచ్చి పోయాడు. చివరి ఏడాది రాసిన కాగితాలు 1976లో ట్రినిటీ లైబ్రరీలో జార్జ్ ఆండ్రూస్ కంటబడ్డాయి.

జానకమ్మ గారు కుట్టుపని నేర్చుకుని, మద్రాసులో దాని మీదే చాలాకాలం బతికారు. 1994 వరకు ఉన్నారు.

కేంబ్రిడ్జిలో జరిగినది ఇంకొకటి. 1914 చివర్లో మహలనోబిస్ అనే బెంగాలీ విద్యార్థి (తర్వాత 1931లో భారత గణాంక సంస్థను స్థాపించినాయన) ఒక పత్రికలోని పొడుపులెక్క చదివి వినిపించాడు. పొయ్యి మీద కూర కలుపుతూనే రామానుజన్ జవాబు చెప్పాడు, ఆ ఒక్కదానికే కాదు, అలాంటివన్నీ వచ్చే పద్ధతి కూడా. లెక్క ఇది. ఒక వీధిలో ఇళ్లకు 1 నుంచి వరుసగా నంబర్లున్నాయి. ఒక ఇంటికి ఎడమవైపు నంబర్ల మొత్తం, కుడివైపు నంబర్ల మొత్తం సమానం. వీధిలో 8 ఇళ్లుంటే అది 6వ ఇల్లు, ఎందుకంటే 1+2+3+4+5 = 15, 7+8 = 15. మరి వీధిలో 50 కంటే ఎక్కువ, 500 కంటే తక్కువ ఇళ్లుంటే ఏ ఇల్లు? గైడులో దొరకదు. చేసినవాళ్లు మెట్లతో సహా రాసి మెస్ గుమ్మం పక్కనున్న పెట్టెలో వేయండి. జవాబు వచ్చే సంచికలో ఇదే గోడమీద. నా సోషల్ హోంవర్కు ఇంకా రెండు పాఠాలు మిగిలుంది, వెళ్తున్నాను.