డిష్లీ గొర్రెల కాపు: రాబర్ట్ బేక్‌వెల్

మహనీయుల చరిత్రలనగానే మనకు రాజులు, కవులు, దేశనాయకులు స్ఫురిస్తారు. గొర్రెల దొడ్డిలో కీర్తి గడించినవాడు స్ఫురించడం అరుదు. అట్టివాడైన రాబర్ట్ బేక్‌వెల్ జీవితమును మేమిక్కడ సంగ్రహముగా వివరింపదలచినాము.

ఆయన 1725లో ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో, లఫ్‌బరో పట్టణ సమీపమున గల డిష్లీలో జన్మించినాడు. తండ్రి భూస్వామి కాడు. కౌలుకు సేద్యము చేసిన రైతు. కౌలు భూమి సుమారు 440 ఎకరాలు. యౌవనమున బేక్‌వెల్ స్వదేశములోను, ఐరోపా ఖండములోను సంచరించి సేద్యపు పద్ధతులను పరిశీలించినాడు. 1760లో తండ్రి మరణించగా వ్యవసాయ భారమంతయు ఆయనపై పడినది.

ఆనాడు పొట్టేళ్లు, ఆడగొర్రెలు ఒకే బీడులో కలిసి మేసేవి. ఏ పిల్లకు ఏ పొట్టేలు తండ్రియో తెలిసేది కాదు. ఒక తరములో కనిపించిన మంచి గుణము మరు తరములో మాయమయ్యేది. బేక్‌వెల్ మొదట పొట్టేళ్లను వేరుచేసి, తాను కోరిన జతలనే కలిపినాడు. పట్టణాలు పెరుగుతున్న కాలమది. మాంసమునకు గిరాకి హెచ్చుతున్నది. కనుక ఆయన ఉన్నికంటె ఎదుగుదలకే ప్రాధాన్యమిచ్చినాడు. మోటు ఎముకలు గల వాటిని తొలగించి, సన్నని ఎముకపై త్వరగా మాంసము పట్టే వాటిని నిలుపుకొన్నాడు. ఆ గుణము స్థిరపడుటకై దగ్గరి రక్తసంబంధము గల జీవాలనే జతపరచినాడు.

ఆయన పొట్టేళ్లను అద్దెకిచ్చే పద్ధతిలో గొప్ప యుక్తి ఉన్నది. చూపునకు బాగున్న పొట్టేలు మంచి పిల్లలనే ఇస్తుందన్న నమ్మకము లేదు. ఇతరుల మందలలో పుట్టిన పిల్లలను చూచి తండ్రి విలువ కట్టవచ్చును. మేలైన పొట్టేలును తిరిగి తన మందకు తెచ్చుకొనవచ్చును. నేటి శాస్త్రము సంతాన పరీక్ష అని పిలిచేది దీనినే. తరతరాల మార్పును పోల్చుటకు ఆయన జీవాల అస్థిపంజరాలను, ఉప్పునీటిలో ఊరవేసిన మాంసఖండాలను ఇంటిలో భద్రపరచినాడు.

ఈ మార్గము సుఖముగా సాగలేదు. 1776లో ఆయన దివాలా తీసినాడు. అయినను మందను విడువలేదు. తొలినాళ్లలో పొట్టేలు అద్దె ఒక పౌను కూడ ఉండేది కాదు. 1789లో ఒక్క ఋతువులోనే మూడు వేల గినీల ఆదాయము వచ్చినది. ఆయన తీర్చిదిద్దిన న్యూ లెస్టర్ గొర్రె రెండేండ్లకే కోతకు వచ్చేది. పాత జాతులకు అంతకు మించిన కాలము పట్టేది.

అయితే లోపాలను దాచుట చరిత్రకారునికి తగదు. ఆ గొర్రెల మాంసములో కొవ్వు మిక్కుటము, ఈనిక తక్కువ. ప్రజల రుచి మారగా వాటి ఆదరణ తగ్గినది. దగ్గరి రక్తములో కలయిక మితిమీరితే సంతానశక్తి, దేహదార్ఢ్యము క్షీణిస్తాయని నేడు మనకు తెలుసు. మనము ఎన్నుకొన్న గుణము వృద్ధి పొందుతుంది. మనము లెక్కింపని గుణము చేజారుతుంది. ఆయన మంద నేర్పే పాఠములలో ఇదియే మిక్కిలి విలువైనదని మా అభిప్రాయము.

అవివాహితుడైన బేక్‌వెల్ 1795లో మరణించినాడు. ఒక గ్రంథమైనను ప్రకటింపలేదు. 1859లో డార్విన్ తన జాతుల ఉత్పత్తి గ్రంథమున ఆయన మందలను పేర్కొన్నాడు. అనువంశికతను గూర్చిన మెండెల్ వ్యాసము వెలువడినది 1866లో. అనగా సూత్రము పుట్టుటకు వంద సంవత్సరాల ముందే ఒక కౌలు రైతు ఫలితమును చేతికి తెచ్చుకొన్నాడు.

మన పల్లెలలోను గొర్రెల కాపరి మందకు పొట్టేలును నిలుపునపుడు తల్లిని, ఎదుగుదలను చూచి ఎంచుతాడు. ఆ కంటికి కొలతయు, లెక్కయు తోడైతే అదియే శాస్త్రము. ప్రయోగశాల లేదని చింతించు విద్యార్థులు డిష్లీ బీళ్లను ఒకసారి తలచుకొందురు గాక.