బ్యాటు యెవరిదో వాడే నాయకుడా?

కృష్ణా మెట్టసీమలో, నందిగామ జగ్గయ్యపేట ప్రాంతమున, చెవిటికల్లు వంటి గ్రామములలో కోతలు ముగిసిన పొలములందు పిల్లలు క్రికెట్టు ఆడుట మనకు తెలిసినదే. బ్యాటు యెవనిదో వాడే నాయకుడగుటయు తెలిసినదే. ఒకప్పుడు భారతదేశపు జట్టునందును ఇదే న్యాయము నడచెను. ఖర్చు భరించు రాజులే నాయకత్వమునకు తగినవారని పెద్దలు తలచిరి. ఆ న్యాయమును తన ఆటచే ప్రశ్నించినవాడు తెలుగువాడగు కొఠారి కనకయ్య నాయుడు. లోకము ఆయనను సి.కె. నాయుడుగా ఎరుగును.

ఆంధ్రదేశమునుండి తరలిపోయి నాగపురమున స్థిరపడిన కుటుంబమున ఆయన 1895 అక్టోబరు 31న జన్మించెను. పొడగరి, మంచి దేహదార్ఢ్యము కలవాడు. 1916లో బొంబాయిలో హిందువుల జట్టు పక్షమున ఐరోపావారిపై తొలిసారి బరిలో దిగి, తన మొదటి పరుగులనే సిక్సరుతో తెచ్చుకొనెను. బ్యాటు పట్టుటయందే కాక బంతి వేయుటయందును నేర్పరి. ఉన్నతశ్రేణి పోటీలలో నాలుగువందలకు పైగా వికెట్లు పడగొట్టెను.

ఆ దినములలో ఆటను నమ్ముకొని బ్రతుకుట సులభము కాదు. ఏదో ఒక సంస్థానమున కొలువు సంపాదించి, ఆ సంస్థానము పక్షమున ఆడవలెను. 1923లో హోల్కారు ప్రభువు నాయుడును ఇండోరునకు పిలిపించి తన సైన్యమున పదవి నొసగెను. ఆటకు ఆశ్రయము రాజులే. నాయకత్వమునకు అడ్డమును వారే. ఈ చిక్కు ఆయనను చిరకాలము వెన్నాడెను.

1926 డిసెంబరులో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టుపై బొంబాయి జింఖానా మైదానమున నాయుడు రెండుగంటల లోపుననే 153 పరుగులు చేసెను. అందు సిక్సర్లే 11. భారతీయులు ఇంగ్లండుతో సమానముగ ఆడగలరను నమ్మకము ఆనాడు బలపడెను. 1928లో క్రికెట్ బోర్డు ఏర్పడెను.

1932లో భారతదేశము మొదటి టెస్టు ఆడుటకు ఇంగ్లండు వెళ్లినపుడు పోరుబందరు మహారాజు నాయకుడు. లింబ్డి రాజవంశీయుడు ఉపనాయకుడు. మహారాజు తన ఆట చాలదని గ్రహించి పెద్దమనసుతో తప్పుకొనెను. ఉపనాయకుడు గాయపడెను. అట్లు జూన్ 25న లార్డ్స్ మైదానమున రాజు కాని నాయుడు భారతదేశపు తొలి టెస్టు నాయకుడయ్యెను. భారతదేశము 158 పరుగుల తేడాతో ఓడినను, చేతికి దెబ్బ తగిలియు ఆయన మొదటి ఇన్నింగ్సులో చేసిన 40 పరుగులే జట్టులో అత్యధికము. ఆ పర్యటనలోని ఉన్నతశ్రేణి పోటీలలో ఆయన 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీసెను. 1933లో విజ్డెన్ గ్రంథము ఆయనను ఆ యేటి మేటి ఆటగాండ్రలో ఒకనిగ ఎంచెను.

అయినను 1936 పర్యటనలో నాయకత్వము విజయనగర మహారాజకుమారునికి దక్కెను. ఆయన స్వంత ధనముతో జట్లను పోషించిన క్రికెట్ అభిమాని. కాని మూడు టెస్టులలోను ఆయన చేసిన పరుగులు 33 మాత్రమే. ఒకప్పటి నాయకుడు సామాన్య సభ్యుడై ఆడవలసివచ్చెను. ఓవల్ మైదానమున తన చివరి టెస్టులో ఆలెన్ వేసిన బంతి రొమ్మునకు బలముగ తగిలినను నాయుడు మైదానము విడువక 81 పరుగులు చేసెను. అవమానమునకు ఆయన చెప్పిన ప్రత్యుత్తరము అదియే.

పిమ్మట హోల్కారు జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచెను. ఏబదియేండ్లు నిండిన వయస్సున ఆయన ఫైనలులో ద్విశతకము సాధించెను. 1953లో ఆంధ్రరాష్ట్రము అవతరించిన కొలదికాలమునకే ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ పోటీలలో దిగగా, దానిని నడిపినవాడు ఏబదియెనిమిదేండ్ల ఈ వృద్ధవీరుడే. 1956లో పద్మభూషణ బిరుదము పొందిన మొదటి క్రికెట్ ఆటగాడు ఆయనయే. 1967 నవంబరు 14న ఇండోరున కన్నుమూసెను.

రాజ్యములు పోయినవి, జట్టును రాజవంశమునుబట్టి నడిపించు ఆచారమును పోయినది. నాయుడు పేరిట యువకులకు పోటీ మాత్రము నేటికిని జరుగుచున్నది. బడి మైదానమున జట్టు కట్టు వేళ, బ్యాటు యెవరిదని కాక, ఆట యెవరిదని అడుగుట నేర్పిన ఉపాధ్యాయుడు ఆయనకు తగిన స్మృతిచిహ్నమును నిలిపినవాడగును.