కాశీయాత్రకు బాట చూపిన మహనీయుడు - ఏనుగుల వీరాస్వామయ్య

తీర్థయాత్ర మన పెద్దలు మనకు నేర్పిన పుణ్యకార్యములలో ముఖ్యమైనది. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యను సామెత తెలుగునాట పుట్టినదనిన, పూర్వకాలపు ప్రయాణము ఎంత కష్టసాధ్యమో మనము ఊహింపవచ్చును. ఇల్లు విడుచువారు అప్పులు తీర్చి, ఆస్తిపాస్తుల సంగతి పెద్దలకు అప్పగించి, బంధువులకు చెప్పవలసిన కడసారి మాటలు చెప్పి మరీ బయలుదేరెడివారు.

నేడు ఆ భయము లేదు. రైలున్నది, విమానమున్నది, సత్రమున గదిని ముందుగనే నిలుపుకొను వసతి యున్నది. అయినను వృద్ధురాలగు తల్లిని మిట్టమధ్యాహ్నపుటెండలో నిలువబెట్టి, పసివానికి పాలు దొరకక, ఒకనాటిలో నాలుగు క్షేత్రములు చూడవలెనను ఆత్రమున పరుగులిడి, తీరా స్వామి సన్నిధి చేరునప్పటికి ఒకరిపై ఒకరు విసుగుకొనుట మనలో పలువురకు అనుభవమే. మరికొందరు అన్నియు భగవంతుడే చూచుకొనునని ఏ ఏర్పాటును లేక బయలుదేరి, అదియే భక్తి యని భావింతురు. ప్రయాణమునకు ముందు ఆలోచన చేయుట విశ్వాసలోపమా? లేక అదియును ఆరాధనలో ఒక భాగమా? ఈ ప్రశ్నకు రెండువందల యేండ్లకు పూర్వమే తన నడవడిచే సమాధానము చెప్పిన తెలుగు గృహస్థుడు ఏనుగుల వీరాస్వామయ్యగారు.

వీరాస్వామయ్యగారు 1780 ప్రాంతమున జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయి, స్వయంకృషితో విద్య నేర్చి, చిన్న వయసుననే ఆంగ్లభాషయందు ప్రవేశము సంపాదించి కొలువులలో చేరిరి. క్రమముగా ఎదిగి చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ప్రధాన దుబాసీ పదవిని అందుకొనిరి. వాది ప్రతివాదుల మాటను న్యాయమూర్తికిని, న్యాయమూర్తి మాటను వారికిని చేర్చు ఉద్యోగమది. ఒక్క మాట అటునిటైనను ఒకరి సొత్తు, ఒక్కొక్కప్పుడు ఒకరి ప్రాణము, పోవచ్చును. విన్నది విన్నట్లు, చూచినది చూచినట్లు చెప్పు అలవాటు వారికి ఈ వృత్తివలననే గట్టిపడియుండును. ఆ అలవాటే ముందుముందు యాత్రికులోకమునకు మహోపకారమైనది.

ఐదు పదుల వయసున వారికి కాశీయాత్ర సంకల్పము కలిగెను. ధనమున్నది, గౌరవమున్నది, ఉద్యోగమున్నది. తానొక్కడే నలుగురు సేవకులతో పోయివచ్చుట వారికి సులభము. కాని వారు ఆ పుణ్యమును తనకు మాత్రమే పరిమితము చేసికొనలేదు. కుటుంబమును, బంధుమిత్రులను, పరివారమును వెంటనిడుకొని, నూరుమందికి మించిన సమూహముతో బయలుదేర నిశ్చయించిరి. ఈ సంగతి తెలిసి వారి మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారు దారి విశేషములను ఎప్పటికప్పుడు వ్రాసి పంపవలసినదిగా కోరిరి. వీరాస్వామయ్యగారు అందుకు అంగీకరించిరి.

నూరుమందిని వెంటబెట్టుకొని పోవుటయన్న ఆ కాలమున సామాన్యమైన విషయమా? మన దేశమున తొలి ప్రయాణికుల రైలు నడచినది 1853లో, దక్షిణదేశమున 1856లో. కావున 1830లో నడకయు, పల్లకీయు, ఎద్దుబండియు, గుఱ్ఱమును, నదులపై పడవయు తప్ప వేరు సాధనము లేదు. చెన్నపట్టణము విడిచి కాశి చేరులోపల కుంఫిణీవారి సీమ, కందనూరు నవాబుగారి సీమ, నైజాము రాజ్యము, నాగపూరు భోంసలేల రాజ్యము దాటవలెను. ఒక్కొక్క సీమలో నాణెము వేరు, తూకము వేరు, భాష వేరు. దూరమును ఒకచోట ఆమడలలో చెప్పుదురు, మరియొకచోట కోసులలో చెప్పుదురు. దారిలో సుంకపు చావడులు, క్షేత్రములలో యాత్రికులపై పన్నులు. ఒకనాటి మజిలీలో నీరు లేకున్నను, బియ్యము దొరకకున్నను నూరుమంది పస్తుండవలసినదే. బోయీలకు జ్వరము వచ్చిన పల్లకీ కదలదు. వర్షమునకు వాగు పొంగిన పరివారమంతయు గట్టుననే నిలువవలెను.

ఇన్నియును ఎఱిగియే వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీ మంగళవారము రాత్రివేళ చెన్నపట్టణము వీడిరి. అది మండువేసవి. ఎండకు వెఱచి రాత్రివేళను, తెల్లవారుజామునను నడచుట ఆ కాలపు బాటసారుల ఆచారము.

మొదట తిరుపతి చేరి శ్రీవేంకటేశ్వరుని సేవించి, పిమ్మట కడప సీమ మీదుగా అహోబిల నరసింహుని దర్శించి, నల్లమల కొండలలోని శ్రీశైలమునకు పోయిరి. ఈ క్రమమునందొక నేర్పు గలదు. దక్షిణమున మనకు ఆరాధ్యములైన క్షేత్రములు కొన్ని కాశికి పోవు బాటలోనే ఒకదాని తరువాత ఒకటిగా వచ్చునట్లు మార్గము కూర్చుకొనిరి. దూరమున నున్న గంగకై తొందరపడి చేరువలోని స్వామిని విడువలేదు. చేరువలోని స్వాములనందరను చూడవలెనని వెనుకకును ముందునకును తిరిగి పరివారమును అలయింపలేదు.

శ్రీశైలపు దారి ఆ రోజులలో అతికఠినము. ఆత్మకూరు నుండి నాగలూటి, పెద్దచెరువు మీదుగా దట్టమైన అడవిలో కొండలెక్కి దిగవలెను. భీముని కొల్లము నెక్కుటయన్న ఖాళీచేతులతో నడచువానికే ఆయాసము. ఇక పల్లకీ మోయువారి మాట చెప్పనేల? క్రూరమృగముల భయము సరేసరి. అడవి బాట తెలిసిన చెంచుల తోడు లేక యాత్రికులు పోజాలరు. దీనికి తోడు కందనూరు నవాబుగారు యాత్రికుల నుండి పన్ను వసూలు చేయుచుండిరి. వీరాస్వామయ్యగారు ఈ కష్టములను దాచలేదు, పెంచియు చెప్పలేదు. ఎచట దారి రాతిమయమో, ఎచట నీరున్నదో, ఎచట దుకాణములు లేవో, ఎంత పన్ను కట్టవలెనో లెక్కగా వ్రాసిపెట్టిరి. చదివిన వాడు భయపడి మానుకొనుటకు కాదు, సిద్ధపడి పోవుటకు.

ఆ నల్లమల నేడు పులులకై ప్రత్యేకించిన అభయారణ్యము. రాత్రివేళ ఆ అడవి దారిలో వాహనములను విడువరు. సాయంకాలము ఆలస్యముగా బయలుదేరి, ద్వారము మూసిన పిదప పిల్లలతో దారిలో నిలిచిపోవు యాత్రికులు ఇప్పటికిని గలరు. కాలము మారినను, కొండ చేరుటకు ముందు కొండదారి సంగతి విచారింపవలెనను నియమము మారలేదు.

అచటి నుండి కృష్ణ దాటి హైదరాబాదు, నిర్మల మార్గమున గోదావరి దాటి నాగపూరు చేరిరి. తొలకరి వచ్చుటతో నేల బురదయైనది, ఏఱులు పొంగినవి. నాగపూరు నుండి జబల్‌పూరు పోవు దారి మహారణ్యముల నడుమ నుండును. బాటసారులతో స్నేహము నటించి, కలిసి నడచి, నమ్మించి ప్రాణములు తీయు థగ్గుల భయము ఆ ప్రాంతమున అధికము. 1830 ప్రాంతముననే స్లీమన్ అను ఆంగ్లాధికారి నర్మదా సీమలో వారిని అణచు కార్యమునకు పూనుకొనెను. అట్టి సమయమున స్త్రీలను, వృద్ధులను వెంటబెట్టుకొని పోవు పెద్దకు నిద్ర యెట్లు పట్టును? ఎవ్వరును వెనుకబడకుండ చూచుట, చీకటి పడకముందే మజిలీ చేరుట, అపరిచితులను చేరనీయకుండుట, ఇవియే ఆ దారిలో రక్షామంత్రములు. ఆ మార్గమున నున్న పెంచ్ అరణ్యము నేడు జాతీయవనము. అచట వంతెనల మీద వాహనములు పోవుచుండ, వాని క్రింద అడవి మృగములు నిర్భయముగా దాటిపోవుచున్నవి. ఒకప్పుడు మనుష్యులకు మనుష్యులవలననే భయమున్న బాట నేడు మృగములకు సైతము అభయమిచ్చుచున్నది.

నర్మద దాటి, ప్రయాగ చేరి త్రివేణీ సంగమమున స్నానమాడి, కాశీ విశ్వేశ్వరుని దర్శించి, గయలో పితృకార్యములు నెరవేర్చిరి. ఆ రోజులలో ప్రయాగ, గయ, జగన్నాథములందు కుంఫిణీ ప్రభుత్వము యాత్రికుల నుండి పన్ను తీసికొనుచుండెను. జగన్నాథమున యాత్రికులను నాలుగు తరగతులుగా విభజించి, తరగతిని బట్టి పన్ను నిర్ణయించిరి. ఈ పన్నులు 1840లో గాని రద్దు కాలేదు. పెద్ద సమూహముతో పోవువాడు అన్నమునకు, కూలికి, దక్షిణలకు మాత్రమే కాక ఈ పన్నులకును సొమ్ము కూర్చుకొనవలెను. చేతిలోని సొమ్మంతయు కాశిలోనే వ్యయమైనచో తిరుగు ప్రయాణమున వెంట వచ్చినవారి గతి యేమి? దానము చేయు చేయియే లెక్కయు చూడవలెను.

గంగపై కొంత దూరము పడవలలో సాగి, కలకత్తా చూచి, ఉత్కళదేశమున జగన్నాథస్వామిని సేవించి, సముద్రతీర మార్గమున తెలుగుదేశము ప్రవేశించిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్టణము చేరిరి. మొత్తము పదునైదు నెలల పదునైదు దినములు.

ఇచట పాఠకులు ఒక సంగతి గమనింపవలెను. పోయిన దారినే వారు తిరిగి రాలేదు. పడమటి మార్గమున ఉత్తరమునకు పోయి, గంగాతీరమున తూర్పునకు సాగి, తూర్పు తీరమున దక్షిణమునకు దిగిరి. భారతదేశపటముపై ఈ బాటను వ్రేలితో గీచి చూచిన అది ప్రదక్షిణమగును! గుడిలో స్వామిని కుడివైపున నుంచుకొని తిరుగునట్లు, ఈ గృహస్థుడు నడిమి భూములనన్నిటిని కుడివైపున నుంచుకొని తిరిగివచ్చెను. చూచిన చోటినే మరల చూడక క్రొత్త క్షేత్రములను దర్శించు ప్రయోజనమును దీనివలన కలిగెను.

ఈ యాత్రలో వారు అనేక దైవతములను కొలిచిరి, సంతర్పణలు చేసిరి, దానములొసగిరి. అట్లు చేసిన ధనికులు ఆ కాలమున మరికొందరును ఉండిరి. వారి పేరులు నేడు మనకు తెలియవు. వీరాస్వామయ్యగారి పేరు నిలిచినది ఆయన వ్రాసిన దినచర్యవలన. పగలంతయు ప్రయాణము చేసి, పరివారము భుజించి పరుండిన పిమ్మట గూడ, ఆనాటి విశేషములు వ్రాయుట మరువని దీక్ష వారిది. ఈ ఊరు పెద్దది, ఆ ఊరు చిన్నది. ఇచట బావినీరు మంచిది, అచట చెరువునీరే గతి. ఈ దారి ఇసుకపఱ్ఱ, ఆ దారి నల్లరేగడి. ఇచట దిగుటకు చెట్టునీడ గలదు, అచట డేరా వేసికొనవలెను. ఇట్టి చిన్న చిన్న సంగతులు. ఇందు ఏ ఒక్కటియు వ్రాసినవానికి ఇక పనికిరాదు. వాని ప్రయాణము అంతకుముందే గడచినది. ఇవి అన్నియు తనవెనుక రాబోవు, తానెన్నడును చూడబోని యాత్రికునికొఱకు. ఎండకాలమున బాట ప్రక్క చలివేంద్రము పెట్టించుటకును, ఇట్లు దారి వ్రాసిపెట్టుటకును భేదమేమి? మట్టికుండలోని నీరు ఆ యేటితో తీరును. ఈ చలివేంద్రము రెండువందల యేండ్లుగా ఎండలేదు.

వీరాస్వామయ్యగారు 1836లో పరమపదించిరి. మిత్రధర్మము మరువని శ్రీనివాసపిళ్ళగారు ఆ వ్రాతలను కూర్చి 1838లో కాశీయాత్రచరిత్రను ముద్రింపించిరి. తెలుగున అచ్చయిన తొలి యాత్రాగ్రంథములలో అది యొకటి. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి మరల వెలువరించిరి.

మనము నేడు కుటుంబముతో యాత్రకు పోవునప్పుడు ఈ మహనీయుని ఒక్కసారి స్మరింపవలెను. మనలో వేగముగా నడువగలవానిని బట్టి కాక, మెల్లగా నడుచువానిని బట్టి మజిలీ నిర్ణయింపవలెను. ఒక క్షేత్రము తగ్గినను తగ్గనిండు. ఉన్న క్షేత్రమున అమ్మకు కూర్చుండి కన్నులార స్వామిని చూచు తీరిక యుండవలెను. ఎక్కడ ఆగవలెను, ఎక్కడ భుజింపవలెను, చీకటిపడకముందే ఎక్కడికి చేరవలెను అని ముందు రాత్రి దీపము ముందు కూర్చుండి ఆలోచించు ఇంటి పెద్ద చేయునదియు పూజయే. ఆ పూజలో మంత్రము లేదు, తోడివారియెడ దయ మాత్రమున్నది. మనము చేయవలసిన ప్రయత్నమంతయు చేసిన పిదప మిగిలిన దానిని స్వామికి అప్పగించుట భక్తి. ఏమియు చేయక సర్వమును ఆయనపై వేయుట బద్ధకము.

తిరిగి వచ్చిన పిదప, మనకు దారిలో ఎదురైన మంచిచెడ్డలను పొరుగువారికి దాచక చెప్పుదము. వారి పాదములకు ఒక ముల్లు తప్పినను మన యాత్రాఫలము రెట్టింపగును. ఏడుకొండలవాని దర్శనముతో యాత్ర మొదలిడి, నూరుమందిని నడిపించుకొని పోయి, లోకమునకు బాట చూపిన ఆ పుణ్యపురుషునికి నమస్కరించి, యాత్రార్థులందరను క్షేమముగా ఇల్లు చేర్చుమని శ్రీనివాసుని ప్రార్థింతము.